అత్త పోసిన కందెన

మొన్న మా మనవడు వాకిట్లో మోటారుసైకిలు నిలబెట్టుకుని, దాని చైనుకు పిచికారీ డబ్బాతో ఏదో నూనె కొడుతూ నాపరాళ్ల మీద అంతా మరకలు చేశాడు. ఆ రాళ్లు పొద్దున్నే నేను దగ్గరుండి కడిగించినవి. ఊరుకుంటానా? "ఏమప్పా, తలంటు నీ బండికా, నా వాకిలికా?" అన్నాను. "చైనుకు నూనె కొట్టకుంటే బండి యాడ పోతాదవ్వా?" అన్నాడు వాడు. "మా అత్తగారింట్లో చైనే లేని బండి ఉండె. అది పోలేదా ఏమి?" అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. చైను లేకుంటే వెనక చక్రం ఎట్ల తిరుగుతాది, పాస్టరు ముత్తాత ప్రార్థన చేసి తిప్పుతాండ్యనా అని అడిగాడు. వాడికి జవాబు చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, లోపలికి వచ్చి కూర్చున్నాను. బండి సంగతి చెప్పాలంటే మా అత్త సంగతి చెప్పాలి. అది నిలబడి చెప్పే మాట కాదు.

నా పెళ్లి జరిగింది రెండో యుద్ధం నడిచే రోజుల్లో. పెళ్లయిన కొద్దికాలానికే మా ఆయన పూనాలో పటాలం ఆఫీసులో గుమాస్తా పనికి పోయాడు. నన్ను కోయిలకుంట్లలో అత్తమామల దగ్గర వదిలాడు. మామ అక్కడి సంఘానికి పాస్టరు. ఊళ్లో అందరికీ అయ్యగారు. ఆయన కింద ఆ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న గుళ్లు, వాటితో పాటు నడిచే బడులు చాలా ఉండేవి. ఒక పక్క బనగానపల్లె దాటి, ఇంకో పక్క కుందూ ఏరు అవతల దాకా. వాటన్నిటినీ తిరిగి చూసుకోవడం ఆయన పని. మా ఇల్లు మిషన్ కాంపౌండులో, గోడలు నాపరాయి, కప్పు నాపరాయి, ఎండాకాలం అందులో కూర్చుంటే జొన్నరొట్టె పెనం మీద ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది మా పని. అత్త ఆ వేడిని లెక్కచేసేది కాదు. ఆమె పుట్టింది ఆలూరు దిక్కున. "ఆడ ఎండ చూసినాక ఇది ఎండేనా?" అనేది.

బండి మాది కాదు, మిషన్‌ది. మునుపున్న దొరగారు యుద్ధానికి ముందు తెప్పించుకున్న జర్మనీ బండి అది. ఆయన వయసు మీదపడి తన దేశానికి పోతూ మామ చేతిలో పెట్టి పోయాడు. నల్లగా, పొడుగ్గా, బలిసిన గేదె మాదిరి ఉండేది. దూరాలు తిరగడానికే చేసిన బండి అట. చైను ఉండేది కాదు. ఇంజను దగ్గర నుంచి వెనక చక్రం దాకా పక్కనే ఒక పొడవాటి ఉక్కు కడ్డీ పోయేది. ఇంజను తిరిగితే కడ్డీ తిరుగుతుంది. కడ్డీ చివర, చక్రం పక్కన, గుమ్మడికాయంత ఇనుప గుండు ఒకటి. దాని లోపల పండ్లచక్రాలు నూనెలో మునిగి ఉండి, కడ్డీ తిరుగుడును చక్రానికి అందిస్తాయి. చక్రానికి అటూ ఇటూ రెండు గొట్టాలు, వాటిలో స్ప్రింగులు. మా రేగడి దారుల్లో వాన పడితే చైను బండ్లు బురద చుట్టుకుని అడుగు కదలవు. ఈ బండి కదిలేది. ఎండాకాలం ఆ గట్టిపడిన బండిచాళ్ల మీద మామ నడుము విరగకుండా కాపాడింది ఆ స్ప్రింగులే.

మామ సంగతి ఒకటి చెప్పాలి. ఆయన నోరు తెరిస్తే గుళ్లో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లు. కాని ఆయన చేతికి స్పానరు ఇస్తే మాత్రం అయిపోయిందన్నమాటే. బిగించమంటే వదులు చేసేవారు, వదులు చేయమంటే నట్టు మూలలన్నీ అరగదీసేవారు. దొరగారు పోయేముందు వారం రోజులు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని బండి మరమ్మతు నేర్పాడు. మామ తల ఊపుతూ విన్నారు. నేర్చుకున్నది మాత్రం వాళ్లిద్దరికీ మజ్జిగ తెచ్చి ఇచ్చి, చెంబు కోసం అక్కడే నిలబడిన మా అత్త.

అందుకని శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో బండి పని. ఆదివారం పని చేయకూడదు, సోమవారం మామ ఊర్లు తిరగాలి, కాబట్టి శనివారం. ఖాళీగా పడి ఉన్న పాత పశువుల కొట్టం ముందు బండిని స్టాండు మీదికి ఎక్కించేవాళ్లం, అత్త ఒక పక్క, నేను ఒక పక్క, మామ 'జాగ్రత్త జాగ్రత్త' అంటూ మధ్యలో. అత్త చీర కుచ్చెళ్లు దోపుకుని గోనెపట్టా మీద కూర్చునేది. ముందు వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూసేది. ఊగితే లోపల ఏదో అరిగినట్టు. తర్వాత చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెం తిప్పి చెవి పెట్టి వినేది. 'టక్' మని చప్పుడు ఎంత ఆలస్యంగా వస్తే పండ్లు అంత అరిగినట్టు. తర్వాత గుండు కింది బిరడా విప్పి పాత నూనె ఇత్తడి పళ్లెంలోకి వంచి, రెండు వేళ్ల మధ్య రుద్ది, ఎండకు పెట్టి చూసేది. ఇనుపరజను మెరిస్తే ఆమె మొహం మాడిపోయేది. స్ప్రింగుల గొట్టాల్లో దుమ్ము పోకుండా, చెప్పులు కుట్టే సంఘపెద్ద ఒకాయన చేత మెత్తటి మేకతోలుతో తిత్తులు కుట్టించి తొడిగింది. వాటిని శనివారం శనివారం విప్పి దులిపి, లోపల నూనె రాసి మళ్లీ తాడు కట్టేది.

ఇదంతా జరుగుతుంటే మామ పక్కనే మంచం మీద కూర్చుని మరునాటి ప్రసంగం పైకి చదువుకునేవారు. మంచి రసపట్టులో ఉన్నప్పుడు అత్త, "ఏమయ్యా, నువ్వు ఈ వారం గుంతల్లో దూకించినావు. స్ప్రింగు కూచుండిపోయింది చూడు" అనేది. పదిమంది ముందు ఆయన 'అయ్యగారు', శనివారం కొట్టం దగ్గర మాత్రం 'ఏమయ్యా'. "గుంత నాకు కనపడలేదే" అనేవారాయన. "పరలోకం కనపడతాది, గుంత కనపడదా?" అనేది అత్త. నేను మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు ఆమె ఒకసారి చూసింది.

"నవ్వుతాండావు గానీ," అంది, చేతికి అంటిన నూనె గోనెకు తుడుచుకుంటూ. "ఈ బండి రాకమునుపు నా సంసారం ఎట్ల ఉండెనో నీకేం తెల్సు?" మామ అప్పుడు లేచి లోపలికి పోయారు. ఆమె దాపరికం లేకుండా చెప్పింది. పెళ్లయిన నాటి నుంచీ మామ ఎద్దులబండి కట్టుకుని సోమవారం పోతే శనివారం వచ్చేవారట. ఎండ ఎక్కువైతే ఇంకో వారం. బిడ్డలు పుట్టినప్పుడు ఆయన ఇంట్లో లేడు. ఆలూరు దిక్కున పని చేసేటప్పుడు నడిపి కూతురికి జ్వరం తగిలింది. ఏ పల్లెలో ఉన్నాడో తెలుసుకుని మనిషి పోయి కబురు చెప్పి ఆయన వచ్చేలోగా పాప పోయింది, మట్టి చేయడం కూడా అయిపోయింది. "గుమ్మంలో నిలబడి పాప యాడ అన్యాడు. నేను చెప్పల్ల. నేనే చెప్పల్ల, ఇంగెవరు చెప్తారు?" అంది అత్త. "ఈ బండి వచ్చినాకనే మే, యాడికి పోయినా పొద్దు గూకేలోగా మనిషి ఇంటికొస్తాండాడు. ఈ గుండు తిరిగినన్నాళ్లూ నా మొగుడు ఇంట్లో అన్నం తింటాడు. అందుకే చూసుకుంటాండా." ఆ తర్వాత నేను ఆ శనివారం పనిని చూసి ఎన్నడూ నవ్వలేదు. మా ఆయన పూనాలో ఉన్నాడు కదా, ఆమె మాట నాకు ఇంకెవరి కంటే బాగా తెలిసింది.

సాయంత్రం అయ్యేసరికి అత్త చెవులు దారి మీద ఉండేవి. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతూనే, నాకేమీ వినపడకముందే, "కుందూ వంతెన దిగినాడు" అనేది. కాస్సేపటికి నిజంగానే బండి చప్పుడు వినపడేది. అప్పుడు ఆమె లేచి మొహం కడుక్కునేది. అరవైకి దగ్గరపడిన మనిషి, రోజూ, ఆయన వచ్చేముందు మొహం కడుక్కుని తల దువ్వుకునేది. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని.

యుద్ధం ముదిరేకొద్దీ బండికి కష్టకాలం వచ్చింది. బడుల పని ఉంది కాబట్టి సర్కారువాళ్లు పెట్రోలు కొంచెం కొంచెం ఇచ్చేవారు. సామాను మాత్రం లేదు. జర్మనీ బండికి సామాను అడిగితే అంగడివాళ్లు మనిషిని ఎగాదిగా చూసేవారట. కడ్డీకి ఇంజను దగ్గర ఒక మందపాటి రబ్బరు బిళ్ల ఉండేది, కుదుపులు తినడానికి. అది చీలిపోయింది. అత్త భయపడలేదు. అదే సంఘపెద్దను పిలిపించి, దున్నపోతు తోలు మూడు మడతలు కలిపి కుట్టించి, బిళ్ల కొలతకు కోయించి, రంధ్రాలు పెట్టించి బిగించింది. బండి ముందుకంటే మెత్తగా పోయింది. మామ ఆ ఆదివారం ప్రసంగంలో సొలొమోను దేవాలయం కట్టిన పనివాళ్ల గురించి చెబుతూ అత్త కూర్చున్న వైపు చూశారు. ఆడవాళ్లంతా తిరిగి చూసేసరికి అత్త కొంగు తలమీదికి లాక్కుంది గాని, లోలోపల ఎంత పొంగిపోయిందో నాకు తెలుసు. ఆ పొంగే కొంప ముంచింది.

ఆ ఎండాకాలం గుండులో పోసే చిక్కటి నూనె ఎక్కడా దొరకలేదు. నంద్యాల అంగళ్లన్నీ తిరిగినా లేదు. ఉన్న నూనెనే వడగట్టి మళ్లీ మళ్లీ పోసింది. అదీ కారి కారి అడుగుకు వచ్చింది. ఒక శనివారం అత్త పళ్లెం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత, "మా నాయన బండ్ల ఇరుసులు ఎన్నేండ్లు ఆడినాయో తెల్సా? దేంతో ఆడినాయి?" అని లేచింది. ఎద్దులబండి ఇరుసుకు మా సీమలో కందెన పెడతారు. గడ్డి కాల్చిన మసి ఆముదంలో వేసి రంగరించి కాస్తే నల్లటి గుజ్జు అవుతుంది. కొయ్య చక్రానికి దాన్ని మించింది లేదు. అత్త ఆ రోజంతా కూర్చుని, మసిని గుడ్డలో జల్లించి, ఆముదం కాచి, పెద్దపండుగకు పాకం పట్టినంత శ్రద్ధగా కందెన చేసింది. గోరువెచ్చగా ఉన్నప్పుడు గరాటు పెట్టి గుండులోకి దించింది. స్ప్రింగు గొట్టాలకూ పట్టించింది. "దొరగారు నూనె అన్నట్టు గుర్తే," అన్నారు మామ. "చిక్కటిది అన్యాడు. ఇది చిక్కగ ల్యాదా?" అంది అత్త. "ఇరుసు ఇరుసేలే," అని ఆయన ప్రసంగంలో పడ్డారు. నాకూ సబబుగానే తోచింది. మేము ముగ్గురమూ ఎద్దులబండ్ల ఊళ్లలో పుట్టినవాళ్లమే, ఆముదంలో మసి తప్పని చెప్పేవాళ్లు మాలో ఎవరూ లేరు.

మొదట్లో బండి ఎంత నిశ్శబ్దంగా పోయిందంటే, సాయంత్రం కుందూ వంతెన చప్పుడు అత్తకే సరిగ్గా వినపడలేదు. "పిల్లి పోయినట్ల పోతాందే!" అని మామ మురిసిపోయారు. అత్త మిగిలిన కందెనను వెదురుగొట్టంలో భద్రంగా దాచింది. కొన్నాళ్లు అట్లా గడిచాయి.

ఒక రోజు మామ బనగానపల్లె అవతల పల్లెకు పోయారు. సాయంత్రమైంది. సంగటి గట్టిపడింది. అత్త మొహం కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడింది. దారి మీద మేకల మంద పోయింది, జొన్నచొప్ప బండి పోయింది, మామ మాత్రం రాలేదు. "వస్తారులే అత్తా," అన్నాను. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. మరునాడు మధ్యాహ్నం ఒక ఎద్దులబండి కాంపౌండులోకి వచ్చింది. దానిలో అడ్డంగా పడుకోబెట్టి మోకులతో కట్టిన మోటారుసైకిలు, దాని పక్కన మామ, దానికి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని. వేరే సమయమైతే అత్త ఆ గొడుగు చూసి ఆయనను ఏడిపించేది. అప్పుడు ఆమె మామను తల నుంచి కాళ్ల దాకా చూసుకుని, దెబ్బలేమీ లేవని తెలుసుకున్నాక, నేరుగా బండి దగ్గరికి పోయింది.

బిరడా విప్పి పళ్లెం పట్టింది. నల్లటి ముద్ద జారింది. ఎండకు పెట్టి చూడనక్కర లేకుండానే అందులో ఇనుపరజను తళతళ మెరిసింది. అత్త ముద్దను వేళ్ల మధ్య రుద్దింది. మసి గరుకు ఇప్పుడు ఆమె వేళ్లకు తెలిసింది. కొయ్య ఇరుసుకు మేలు చేసే ఆ గరుకే లోపలి బేరింగుల ఉక్కుగోళీలను, పండ్లను నూరి పిండి చేసింది. "నేనే," అంది. "నా చేతులారా నేనే తిప్పలు పెట్టుకుంటి. ఇసుక పోయి నూరినట్ల నూరింది." మామ పక్కన వచ్చి కూర్చున్నారు. "నూనె లేకుంటే అది ఎప్పుడో నిల్చిపోవల్సింది మే. నువ్వు కందెన పోస్తివి కాబట్టి ఇన్నాళ్లన్నా ఇంటికొస్తి," అన్నారు. అత్త పళ్లెం కింద పెట్టి, నా ముందే, ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చింది. ఆ కాలంలో కోడలి ముందు ఎవరూ అట్లా చేయరు. నేను లోపలికి పోయి నీళ్లకుండ ముందు ఊరికే నిలబడ్డాను.

నంద్యాలలో దూదిమిల్లులో పనిచేసే ఫిట్టరు సాయిబు ఒకాయన వచ్చి గుండు విప్పి చూశాడు. రెండు రోజులు మా కొట్టంలోనే కూర్చుని తంటాలు పడ్డాడు. కంచుతో బుష్షు పోయించి వేసి చూశాడు. బండి కాంపౌండు గేటు దాకా పోయి, లోపల గచ్చకాయలు నూరినట్టు చప్పుడు చేసి ఆగింది. "పండ్లన్నీ ఖరాబైపోయినాయమ్మా. లడాయి అయిపోయి, ఆ దేశంల మళ్లా కార్ఖానాలు లేస్తే అప్పుడు చూడల్ల," అన్నాడు పాపం, తన తప్పయినట్టు. అత్త ఆయనకు అన్నం పెట్టి, దారికి రొట్టెలు కట్టి పంపింది. మిషన్ పెద్దలకు సంగతి తెలిసి, ఎద్దులబండి ఏర్పాటు చేస్తామని, సోమవారం నుంచి మునుపటి మాదిరి క్యాంపులు పెట్టుకోమని మామకు కబురు చేశారు. ఆయనకు పని మాన్పించినా బాగుండు అనిపించింది నాకు. అరవై దాటిన మనిషిని మళ్లీ సోమవారం నుంచి శనివారం దాకా పల్లెల్లో తిరగమనడం.

ఆ శనివారం మా ఇంట్లో పని లేదు. అత్త గోనెపట్టా ఉతికి ఆరేసింది. అంతే. మామ ప్రసంగం మనసులోనే చదువుకున్నారు.

సోమవారం పొద్దున ఎద్దులబండి వచ్చింది. మామ ట్రంకుపెట్టె, చాపచుట్ట, జొన్నపిండి మూట, వంటసామాను ఎక్కించారు. ఎప్పటి మాదిరే ఆయన గుమ్మంలో నిలబడి చిన్న ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే అత్త లోపలికి పోయింది. కన్నీళ్లు దాచుకోవడానికి పోయిందనుకున్నాను. మళ్లీ వచ్చేసరికి ఆమె చంకలో రెండు చీరల మూట ఉంది. నేరుగా పోయి, బండి తొట్టి అంచు పట్టుకుని, మామ ట్రంకుపెట్టెను ఒక పక్కకు నెట్టి బండి ఎక్కి కూర్చుంది.

"యాడికే?" అన్నారు మామ.

"నీ ఎంట."

"మరి ఇల్లు?"

"ఈమె ఉండాది గదా," అని నా వైపు చూసింది. "బిడ్డలు చిన్నోళ్లా ఇంగ? ఆవులా గొడ్లా? నేనెందుకు ఈడ కూసోని చెవులు దోవ మీద పెట్టల్ల?"

మామ తొట్టి దగ్గరికి వచ్చి ఆమె మొహంలోకి చూశారు. బండివాడు ముల్లుకర్ర పట్టుకుని అటు తిరిగాడు. "పెండ్లయిన కాన్నుంచీ నీకు ఈ బండ్లల్లో తిరిగేది ఇష్టం ల్యాదనుకుంటి," అన్నారు మామ. గుడి నిండా వినపడే ఆ గొంతు నాకు కష్టం మీద వినపడింది.

"నువ్వు రమ్మని ఎప్పుడన్నా అంటివా?"

"నువ్వు వస్తానని ఎప్పుడన్నా అంటివా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, నవ్వాలో ఏడవాలో తెలియని మొహాలు పెట్టారు. తర్వాత మామ ఎక్కి, తనకు పరిచిన చాప మడత సగం ఆమె వైపు జరిపారు. బండి కదిలింది. ఆమె నాకు చెయ్యి ఊపలేదు, కోళ్లను జాగ్రత్తగా మూయమని మాత్రం అరిచి చెప్పింది.

ఆ తర్వాత అత్త ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. పల్లెల్లో ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరేవారట, మామ ప్రసంగం పొడుగైతే అత్త వెనక నుంచి దగ్గేదట, ఆయన ఆపేవారట. ఒళ్లంతా దుమ్ము, మొహం నల్లబడింది, నడుము నొప్పి, అయినా శనివారం బండి దిగేటప్పుడు ఆమె మొహంలో ఉన్న కళ నేను అంతకుముందు ఎరగను. యుద్ధం అయిపోయింది. మా ఆయన తిరిగొచ్చాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, దసరా తర్వాత, ఒక పల్లెలో బడి అరుగు మీద మామ నిద్రలోనే పోయారు. ఆయన పక్కనే ఉంది అత్త. శవాన్ని తెచ్చిన రోజు పలకరించడానికి వచ్చినవాళ్లతో ఆమె ఒకటే మాట చెప్పింది, "నేను ఈ తూరి పక్కనే ఉంటి" అని. ముప్పై ఏళ్లకు పైగా వాళ్లిద్దరూ, ఒకరు గుమ్మంలో, ఒకరు దారిలో, ఒకే మాట కోసం కాచుకుని ఉన్నారు. ఆ మాట పైకి వచ్చాక కాలం వాళ్లకు కొన్నేళ్లు మాత్రమే ఇచ్చింది, అయినా బతికినంత కాలమూ అత్త లెక్క పెట్టుకున్నది ఆ కొన్నేళ్లనే.